మందు – మాట

(సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ యేడు వైద్యమును గూర్చియు, విద్యను గూర్చియు మనవారి ధోరణి యెట్లున్నదో నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను వైద్యుడను గాను, ఉపాధ్యాయుడను గాను. చదివినది చరిత్ర, చేయునది సచివాలయోద్యోగము. పగలెల్ల దస్త్రములు చూచి పై బల్లకు పంపుట, పై బల్లనుండి వచ్చిన ప్రశ్నలకు సమాధానము వ్రాసి మరల పంపుట నా పని. ఇట్టివాని కీ విషయమేల యని మీకు తోచినచో అది న్యాయమే. అయినను కాదనకుండుటకు కారణమొకటి కలదు. ఈ దీవులలో చాలకాలముగా పనిచేయుచున్న తెలుగు డాక్టరుగారొకరు నాకు మిత్రులు. పేరు చెప్పవద్దని వారి నిబంధన. ఆదివారము సాయంకాలము మా యింటికి వచ్చుట, కాఫీ పుచ్చుకొనుట, ఆ వారమున తమకు కలిగిన విసుగునంతయు నా ముందు దింపి తేలికపడి పోవుట వారి యలవాటు. ఏండ్ల తరబడి వినగా వినగా నాకును కొంత యభిప్రాయ మేర్పడినది. వారి యభిప్రాయమునకును నా యభిప్రాయమునకును అన్నిచోట్ల పొత్తు కుదరదు. ఆ తగవునే మీ యెదుట పెట్టుచున్నాను.

డాక్టరుగారి ఫిర్యాదంతయు ఒక్క వాక్యములో నిముడును. "ఏమండీ, మనవాళ్లు నా మందు పుచ్చుకుంటారు. నా మాట మాత్రం పుచ్చుకోరు."

ఉత్తర అండమానులో ఒక ప్రాథమికారోగ్య కేంద్రమున వారు పనిచేయుచున్న కాలము నాటి సంగతి యొకటి వారు మరచిపోలేదు. వరికోతల రోజులు. మన తెలుగువాడే, ముప్పదియైదేండ్ల కూలి, జ్వరముతో పండుకొన్నాడు. పిక్కలు పీకుచున్నవి, కండ్లు ఎఱ్ఱబడినవి. మొదటి దినము అంగటిలో మాత్ర కొని మ్రింగినాడు. రెండవ దినము ఇంటివారు దిష్టి తీసిరి. మూడవ దినము ఎవరో తెలిసినవారిచేత సూదిమందు పొడిపించుకొన్నాడు. అది యేమి మందో పొడిచినవానికే తెలియదు. ఆరవ దినమున దగ్గినప్పుడు నెత్తురు పడుచుండగా జీపులో వేసి తెచ్చిరి. ఆ మనిషి బ్రతుకలేదు. మొదటి రెండు మూడు దినములలో వచ్చియుండినచో సామాన్యమైన పెన్సిలిన్ మందుతో కుదురుటకు మంచి యవకాశమున్న జబ్బది. అంతకు పది దినములకు ముందే, కాళ్లకు పుండ్లున్నవారు కట్టు కట్టుకొనక బురదలో దిగరాదనియు, జ్వరము వచ్చిన మొదటి దినముననే రావలసినదనియు డాక్టరుగారు ఆ వాడలో స్వయముగా తిరిగి చెప్పియుండిరి. చనిపోయినవాని యన్న మాత్రము, "సరైన ఇంజక్షను వేసుంటే మా తమ్ముడు బతికేవాడు" అని నలుగురిలో ననినాడు. ఆ మాట డాక్టరుగారికి ఇప్పటికిని ముల్లువలె గ్రుచ్చుకొనుచునే యున్నది.

ఆ జబ్బు పేరు లెప్టోస్పైరోసిస్. మనవారిలో కొందరు ఎలుకజ్వరమందురు. ఎలుకల మూత్రముద్వారా, పశువుల మూత్రముద్వారా సూక్ష్మజీవి నీటిలోను బురదలోను చేరి, కాలి పగుళ్లనుండి, గాయములనుండి లోనికి ప్రవేశించును. దీని చరిత్ర మన దీవులకు సంబంధించినది కావున కొంచెము విస్తరించి చెప్పెదను. చరిత్ర చదివినవానికి ఈ మాత్రపు స్వాతంత్ర్య మీయవలెను. 1988 మొదలుకొని డిగ్లిపూరు ప్రాంతమున వానకాలము చివర, పొలము పనుల రోజులలో, ఊపిరితిత్తులనుండి నెత్తురు పడు జ్వరమొకటి మాటిమాటికి చెలరేగసాగెను. ఏమి జ్వరమో తెలియలేదు. "అండమాను రక్తస్రావ జ్వర" మని పేరు పెట్టిరి. 1993లో గాని అది లెప్టోస్పైరోసిస్ అని తేలలేదు. విచిత్రమేమనగా, ఖైదీల వలస యుండిన రోజులలో, 1929లోనే టేలర్, గోయల్ అను నిద్దరు వైద్యులు ఈ దీవులలో ఈ వ్యాధి యున్నదని కనిపెట్టిరి. 1931లో గ్రంథమే ప్రకటించిరి. గ్రంథము బీరువాలో నున్నది; జ్వరము పొలములో నున్నది. రెంటికిని నడుమ అరువది యేండ్లు గడచినవి. మాట పెడచెవిని బెట్టుట కూలివాని యొక్కని దోషమే యైనచో, ఈ అరువది యేండ్లు ఎవరి ఖాతాలో వ్రాయవలెను? దస్త్రములు చూచు వృత్తిలోనివాడను గనుక ఈ ప్రశ్న నన్ను బాధించును.

చలిజ్వరము కథయు నిట్టిదే. క్రిస్టఫర్స్ అను వైద్యశాస్త్రజ్ఞుడు ఈ వలసలో మలేరియాను పరిశోధించి 1912లో నివేదిక ప్రకటించెను. సముద్రపు పోటునీరు నిలిచిన ఉప్పు మడుగుల చెంతనున్న నివాసములలోనే జ్వరము మిక్కుటమనియు, ఆ మడుగులకు దూరముగా పోయినకొలది తగ్గుననియు, దానికి కారణము ఉప్పునీటిలో పెరుగు దోమయనియు తేల్చెను. 2004 డిసెంబరు 26 నాటి సునామీ పిమ్మట దక్షిణ అండమానులో నేల క్రుంగి, వరిపొలములలోనికి సముద్రము చొచ్చుకొనివచ్చి, అట్టి మడుగులే క్రొత్తగా నేర్పడినప్పుడు, శతాబ్దము నాటి ఆ నివేదిక మరల పనికివచ్చినది.

ఇక మన క్వార్టర్లలోనికి వత్తము. పొలము పనివానిని గూర్చి చెప్పినంతసేపు మనము తలలూపుచు వినుచుంటిమి. ఇప్పుడు కొంచెము సర్దుకొని కూర్చుండవలసియుండును.

మనమింకను అలవాటుచొప్పున పోర్టుబ్లెయరనియే పిలుచుచున్న ఈ శ్రీవిజయపురమునకు 2024 సెప్టెంబరులో పేరు మారినది గాని నీటి యెద్దడి మారలేదు. ధనిఖారి ఆనకట్ట నిండి పొరలుచున్నను, వేసవి వచ్చుసరికి కుళాయి దినము విడిచి దినము, ఒక్కొక్కప్పుడు అంతకంటెను అరుదుగా వచ్చును. అందుచేత ప్రతి యింటి వెనుకను నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ములు. 2010 ప్రాంతమునుండి డెంగీ జ్వరమును ఈ దీవులలో స్థిరపడినది. డెంగీ దోమ మురుగుకాలువలో గ్రుడ్లు పెట్టదు. మన డ్రమ్ములోని నిర్మలమైన నీరే దానికి కావలెను. మలేరియాశాఖ కుఱ్ఱవాడు చేతిలో టార్చిలైటుతో వచ్చి "డ్రమ్ము చూడాలండీ" యని తలుపు తట్టినచో మన మేమందుము? "ఇది సెంట్రల్ గవర్నమెంట్ క్వార్టర్సు బాబూ, మా ఇంట్లో అలాంటివి ఉండవు" అందుము. దోమకు కేంద్ర ప్రభుత్వమేదో ద్వీప పరిపాలన యేదో తెలిసినట్లు!

ఒక ఇంట జరిగినది డాక్టరుగారు చెప్పగా విన్నాను. జ్వరముతో నున్న బాలుని చూచుటకు పోయిరి. బాలుడు తొమ్మిదవ తరగతి, తెలివైనవాడు. గోడమీద వాడు వేసిన పటము వ్రేలాడుచున్నది: దోమ జీవిత చక్రము. గ్రుడ్డు, నీటిపురుగు, గూటిపురుగు, దోమ. నాలుగు దశలును నాలుగు రంగులలో. ఉపాధ్యాయులు ఎఱ్ఱసిరాతో పదికి పది మార్కులు వేసినారు. పెరటిలో డ్రమ్ము మూత తీసి చూడగా ఆ పటములోని రెండవ, మూడవ దశలు సజీవముగా నీదుచున్నవి. నాలుగవ దశ బాలుని కుట్టిపోయినది. ఆ పటమునకును ఆ డ్రమ్మునకును సంబంధమున్నదని ఆ యింటిలో ఎవరికిని తోచలేదు. తండ్రి పట్టభద్రుడు, తల్లియు పట్టభద్రురాలే.

ఇచ్చటనే డాక్టరుగారికి వైద్యముమీది విసుగు విద్యమీదికి మఱలును. ఆ తండ్రి బాలుని జ్వరమును గూర్చి రెండు ప్రశ్న లడిగి, మూడవ ప్రశ్నగా, "సార్, మావాడికి మెడికల్ సీటు రావాలంటే ఇప్పటినుంచే కోచింగుకి మెయిన్‌లాండు పంపమంటారా?" అని అడిగెనట. 2015లో ఇచ్చట వైద్య కళాశాల నెలకొల్పబడి, నూరు సీట్లతో ప్రారంభమైనప్పటినుండి ఈ యాశ ఇంటింటను మొలకెత్తినది. ఆశ తప్పుగాదు. ఒకప్పుడు దీవిబిడ్డ డాక్టరు కావలెనన్న సముద్రము దాటక గత్యంతరము లేదు. అయితే డాక్టరుగారి మాటయే మీకు చెప్పెదను: "ప్రతివాడికీ కొడుకు డాక్టరు కావాలి. డాక్టరు చెప్పింది ఒక్కడికీ అక్కర్లేదు. రేపు ఆ కొడుకు డాక్టరై ఇదే మాట చెబితే వాడి మాటా వినరు."

రోగి కోరినదియు పాలే, వైద్యుడు చెప్పినదియు పాలే యని మనకు సామెత కలదు. ఇప్పుడు రోగి కోరునది సూది. వైద్యుడు చెప్పునది పథ్యము, నడక, పరిశుభ్రత. సూది వేయనివాడు డాక్టరు కాడు. స్కానింగు వ్రాయనివానికి చదువు చాలదు. చక్కెరజబ్బునకు మాత్ర లిచ్చినచో పుచ్చుకొని, "తిండి సంగతి దేవుడెరుగు" నందురు. రక్తపుపోటు మాత్ర రెండు నెలలు మ్రింగి, ఒంటికి బాగుగనే యున్నదని మానివేయుదురు; ఏరు దాటి తెప్ప తగులబెట్టినట్లు. ఇచ్చట కుదురదని తోచినంతనే సుమారు పండ్రెండువందల కిలోమీటర్ల సముద్రము దాటి విశాఖకో చెన్నపట్టణమునకో పోవుదురు. కొన్ని జబ్బులకు పోక తప్పదు, అది వేరు. ఇచ్చటి డాక్టరు చెప్పిన మాటయే అచ్చట వేలు పోసి విని, తిరిగివచ్చి, "అక్కడ ఎంత బాగా చెప్పారండీ!" అని ఇచ్చటి డాక్టరుతోనే చెప్పువారిని ఏమనవలెను?

ఇంతవరకు డాక్టరుగారి పక్షము. ఇక నా పక్షము.

చదువుకొన్నవారు మాట విందురన్న నమ్మకమే నాకు లేదు. 1847లో వియన్నా నగరపు ప్రసూతి వైద్యాలయమున సెమ్మెల్వైస్ అను వైద్యుడు, శవపరీక్షలు చేసిన చేతులతోనే ప్రసవములు చేయుటవలన బాలింతలు మరణించుచున్నారని గ్రహించి, క్లోరిన్ కలిసిన సున్నపు ద్రావకముతో చేతులు కడుగుకొనుడని తోడి వైద్యులను నిర్బంధించెను. మరణములు చప్పున తగ్గినవి. అయినను తోడివారు వినలేదు. విననివారు పామరులు కారు. ఐరోపాలో మిక్కిలి చదివిన వైద్యులు. ఆయన 1865లో పిచ్చియాసుపత్రిలో మరణించెను. ఆయన మాటకు గౌరవము దక్కినది పిమ్మటనే. కావున డాక్టరుగారు "మనవాళ్లు" అని నిట్టూర్చినప్పుడెల్ల, ఈ రోగము మనవారిది మాత్రమే కాదని నేను గుర్తుచేయుచుందును.

మనవారు మాట వినని జాతియు కాదు. మా తాతగారి కాలమున మశూచికము అమ్మవారు. టీకాలవాడు వచ్చుచున్నాడన్న ఊరిలోని పిల్లలు ధాన్యపుగాదెలలో దాగుకొనెడివారు. అదే దేశమున 1975 తరువాత మశూచికము లేదు. చుక్కల మందు వేయించి పోలియోను తరిమి 2014లో ధ్రువపత్రము పొందితిమి. డాక్టరుగారు దీనికి వెంటనే బదులు చెప్పుదురు: "అదీ మందే కదండీ! నోట్లో రెండు చుక్కలు వేశారు. అలవాటు మార్చుకోమనలేదు." ఒప్పుకొనక తప్పలేదు. కాని ఆ రెండు చుక్కలు వేయించుకొనుటకు తల్లి ముందు తలుపు తీయవలెను గదా! తలుపు తీయించినది మందు కాదు, మాటయే. ఎవరి మాట? తెల్లకోటు వేసుకొన్నవాని మాట కాదు; వీధిలో తెలిసిన అమ్మాయి, తన భాషలో, పదిమారులు వచ్చి చెప్పిన మాట.

మన దీవులలోనే దీనికి దృష్టాంతము కలదు. 1877లో తట్టు వ్యాధి గ్రేట్ అండమానీయులను ఊచకోత కోసెను. ఆ జాతి మరల కోలుకొనలేదు. 1997 చివర జారవాలు అడవి వీడి మన యెదుటికి రానారంభించిరి. 1999లో అదే తట్టు వారిని పట్టుకొనెను. చరిత్ర యెరిగినవారి గుండెలు ఝల్లుమనెను. అప్పుడు మధ్య అండమానులోని కదంతలాలో డాక్టర్ రతన్ చంద్ర కర్ అనువారు వైద్యులు. ఆయన వారి యొద్దకు పోయి, వారి భాష నేర్చుకొని, వారి మూలికలను తృణీకరింపక, వారు తాకనిచ్చునంతవరకు నోర్చుకొని వైద్యము చేసెను. 1877 నాటి వినాశము మరల జరుగలేదు. 2023లో ఆయనకు పద్మశ్రీ యిచ్చిరి. అట్లే చిన్న అండమానులోని డుగాంగ్ క్రీకులో ఓంగేల నడుమ నివసించి సేవచేసిన నర్సు శాంతి థెరిసా లక్డాకు 2011లో అదే గౌరవము లభించినది. వీరిద్దరును పెద్ద యంత్రములతో పోలేదు. ముందు భాష, తరువాత మందు.

అంతకుముందు తరమువారిలోనొకరు, ఈ ఊరిలోనే వైద్యుడుగా నుండి, పంజాబీలో కవిత వ్రాసి, గురుద్వారాలో పిల్లలకు చదువు చెప్పించిన డాక్టర్ దివాన్ సింగ్. జపానువారి ఆక్రమణ కాలమున చిత్రహింసల పాలై 1944 జనవరిలో సెల్యులర్ జైలులో ప్రాణములు విడిచెను. ఆసుపత్రికిని బడికిని నడుమ గోడ లేదని ఆయన యెరుగును.

మరి మన తెలుగువారి మాట? 2011 జనాభా లెక్కలలో ఈ దీవులలోని 3,80,581 మందిలో నూటికి సుమారు పదముగ్గురి మాతృభాష తెలుగు. వీరిలో పెద్దభాగము మనవలె బదిలీపై వచ్చినవారు కారు. ఉత్తరాంధ్ర తీరమునుండి వచ్చి చేపలవేటతో, కూలిపనులతో ఇచ్చటనే పాతుకొన్నవారు. ప్రభుత్వ పాఠశాలలలో తెలుగు మాధ్యమమున్నది; అది మెచ్చుకొనవలసిన సంగతి. కాని ఆసుపత్రి గోడమీది ప్రకటన హిందీలో నుండును, లేదా ఇంగ్లీషులో నుండును. డాక్టరుగారు డిగ్లిపూరులో వాడవాడ తిరిగి చెప్పితిననిరి గదా, ఏ భాషలో చెప్పినారని నేనొకనాడడిగితిని. కొంతసేపు మౌనముగా నుండి, "హిందీలోనే. అందరికీ అర్థమవుతుందని" అనిరి. బేరమాడుటకు చాలు హిందీ వేరు, ప్రాణభయము కలుగునట్లు వినిపించు భాష వేరు. నా మిత్రుని నొప్పించుట నా యుద్దేశము కాదు. ఆయన చెప్పిన పని చెప్పనివా రెందరో.

ఈ పని మన పెద్దలు ఎరుగనిది కాదు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మిత్రులతో కలిసి విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, తెలుగులో చరిత్రతోపాటు శాస్త్రగ్రంథములను వెలువరింప బూనుకొనిరి. అందులో ఆచంట లక్ష్మీపతిగారు, వైద్యపట్టము పొందిన వారు, "అంటువ్యాధులు" అను గ్రంథమును సామాన్యులకు తెలియు తెలుగులో వ్రాసిరి. రోగికి మందిచ్చుట యెంతో, రోగము సంగతి అతని భాషలో చెప్పుటయు నంతయే యని వారు భావించిరి.

ఈ వాదము ముదిరి ముదిరి, గత మాసమున ఒక ప్రయోగమునకు దారితీసినది. మన జాలరిసోదరులు కాపురముండు పేటలో, రామమందిరపు అరుగుమీద, డాక్టరుగారు తెలుగులో మాటలాడుటకు ఒప్పుకొనిరి. మన సంఘమునుండి మేము నలుగురము పోయితిమి. వచ్చినవారు ఇరువదిమంది లోపు. అందులో సగము పిల్లలే. డాక్టరుగారు నావంక చూచిన చూపు నాకింకను జ్ఞాపకమే. అయినను మొదలుపెట్టిరి. డెంగీదోమ, డ్రమ్ము, వారమునకొకసారి నీరు పారబోయుట. పుస్తకములో నున్నట్లే చెప్పిరి. ముందువరుసలో కూర్చున్న ముసలమ్మ చేయెత్తినది.

"బాబూ, వారానికోపాలి నీల్లు పారబోయమంతన్నావు. కొళాయి రెండ్రోజులకోపాలి వత్తాది. ఉన్నయి పారబోసీసి ఏటి తాగమంతావు?"

డాక్టరుగారు తడుముకొనిరి. ఆ ప్రశ్న వారి ఇన్నేండ్ల యుద్యోగములో ఎవరు నడుగలేదట. అడుగుటకు భాష దొరకలేదని నేననుకొందును. పిమ్మట వారు అరుగు దిగి, ప్రక్కయింటి డ్రమ్ము నొకదానిని తెప్పించి, నీరు పారబోయనక్కరలేదని చేసి చూపిరి. మూతి కంతటికి పాత చీరగుడ్డ సందులేకుండ బిగించి కట్టవలెను. నీటిని గుడ్డతో వడగట్టి వేరొక పాత్రలోనికి మార్చవలెను. డ్రమ్ము ఖాళీయైన దినమున లోపలి గోడను పీచుతో గట్టిగా తోమవలెను. దోమ గ్రుడ్లు నీటిలో తేలవు, నీటి అంచున గోడకంటుకొని యుండును. ఎండిపోయినను నెలల తరబడి చావక, మరల నీరు తగిలినంతనే పిల్లలగును. అందుచేత ఒట్టినే పారబోసి నింపినచో ఫలము లేదు, తోముటయే ముఖ్యము. ముసలమ్మ ఆ గోడను వ్రేలితో రాచి, వ్రేలికి అంటిన నల్లని నలుసులను వెలుతురులో చూచినది. "ఈ ముక్క ఇన్నేల్లూ ఎవలూ సెప్పనేదేటి?" అన్నది.

వచ్చే నెల రెండవ శనివారము సాయంకాలము అయిదు గంటలకు డాక్టరుగారు అదే అరుగుమీద ఎలుకజ్వరమును గూర్చి మాటలాడెదరు. డిగ్లిపూరు, మాయాబందరు వైపు పొలముపనులకు పోవు బంధుమిత్రులున్నవారు వారిని తీసికొనిరావలసినదిగా కోరుచున్నాను. మన క్వార్టర్లవారు వచ్చునప్పుడు, ముందు తమ పెరటి డ్రమ్ము లోపలి గోడను ఒకపరి వ్రేలితో రాచి చూచి రాగలరు. సెలవు.